సంగటి ప్రయాణం, సీమ రైతు వాటా



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు ఈ కడపలోనే వాణిజ్యశాస్త్రం చెప్పారు. పాఠ్యపుస్తకంలోని కంపెనీల కంటే బజారులోని కొట్ల గురించే ఎక్కువగా చెప్పేవారు. ఏ కొట్టు మాట వచ్చినా ఆయన మొదట అడిగేది ఒకటే: సరుకు ఎక్కణ్ణుంచి వస్తోంది? ఎంత అమ్ముడుపోతోంది, ఎంత మిగులుతోంది అన్న లెక్కలు ఆ తర్వాతే. ఆ ప్రశ్ననే ఇవాళ హోటళ్ల ముందు పెడుతున్నాను. ఒక ప్రాంతపు వంట హోటళ్ల రూపంలో ఇంకో ప్రాంతానికి విస్తరించినప్పుడు ఏది ప్రయాణం చేస్తుంది, ఏది ఇక్కడే ఉండిపోతుంది అన్నది నా అంశం.

నేను చెప్పదలచుకున్నది ముందే చెప్పేస్తాను. రాయలసీమ వంట ఇవాళ హైదరాబాదులోనూ బెంగళూరులోనూ మంచి ధర పలుకుతోంది. మనందరికీ అది గర్వకారణమే. అయితే వంట వెళ్లినంత దూరం, ఆ వంటను పుట్టించిన మెట్టపంట వెళ్లలేదు. పేరు వెళ్లింది, పులుసు వెళ్లింది, వండే మనుషులు వెళ్లారు. రాగులు, కొర్రలు పండించే మెట్టరైతుకు మాత్రం ఆ బల్ల దగ్గర చోటు దొరకలేదు. దొరకాలని నా వాదన.

మన తిండికి పాతకాలంలో ఎంత గౌరవం ఉండేదో గుర్తు చేసుకోవాలి. జొన్నకూడు తినే పల్నాటి సీమను ఎత్తిపొడుస్తూ శ్రీనాథుడు చెప్పాడనే చాటువులు తెలుగువాళ్లందరికీ తెలుసు. నీళ్లున్న చోట పుట్టిన నాలుక, నీళ్లు లేని చోటి తిండిని చూసి నవ్విన సందర్భం అది. ఆ నవ్వు చాలా కాలం సాగింది. మన ఇళ్లల్లో కూడా చుట్టాలొస్తే వరి బువ్వ, పండగొస్తే వరి బువ్వ. రాగి సంగటి మాత్రం అనుదినం. పిల్లవాడు బడిలో సద్దిమూట విప్పడానికి సిగ్గుపడిన తరాలు ఈ సభలోనే ఉన్నాయి. 1983లో ఎన్టీ రామారావు ప్రభుత్వం కిలో 2 రూపాయల బియ్యం పథకం తెచ్చింది. ఆకలి తీర్చిన పథకం అది, దానిని తక్కువ చేసి మాట్లాడే హక్కు కడుపు నిండినవాళ్లకు లేదు. అయితే చౌకదుకాణంలో బియ్యం దొరికేసరికి రాగి, కొర్ర, సజ్జ, జొన్న ఇంటి పొయ్యి మీద నుంచి మెల్లగా దిగిపోయాయి. పొయ్యి మీద నుంచి దిగిన పంట చేలో ఎంతకాలం ఉంటుంది? అనంతపురం వైపు చెనక్కాయ అప్పటికే ఎర్రనేలలన్నీ పరుచుకుంది. చిరుధాన్యాలు చేల గట్లకు చేరాయి.

సరిగ్గా ఇంట్లో సంగటి తగ్గుతున్న కాలంలోనే అది హోటల్లో మొదలైంది. ఈ రెండూ ఒకేసారి జరగడం యాదృచ్ఛికం కాదని నేననుకుంటాను. ఊరు వదిలి వెళ్లినవాళ్లు ఊరిని తలుచుకోవడానికి ఒక పళ్లెం కావాలి. ఇంట్లో దొరకనిది బయట కొనుక్కుంటారు. రాజంపేట, రాయచోటి, రైల్వేకోడూరు ప్రాంతాల నుంచి కువైట్ వెళ్లినవాళ్ల వెనకే తెలుగు మెస్సులు వెళ్లాయి. చెన్నై కె.కె.నగర్‌లో 1981లో మొదలైన శరవణ భవన్ 2000లో దుబాయి చేరిందీ తమిళుల వెంటే. హోటలు ముందు తన మనుషుల వెంట వెళ్తుంది, ఇతరుల నాలుక మీదికి ఎక్కడం తర్వాత సంగతి.

ఇక్కడ కాసేపు ఆగి సంగటి ఎలా అవుతుందో చెబుతాను. విద్యార్థుల్లో చాలామంది తినే ఉంటారు, చేయడం చూసినవాళ్లు తక్కువ. కుండలో ఎసరు మరిగాక నూకలో, బియ్యమో వేసి మెత్తగా ఉడికిస్తారు. నీళ్లు ఇంకా ఉండగానే రాగిపిండిని మీద గుట్టగా పోసి, కలపకుండా మూత పెడతారు. పిండి ఆవిరికి మగ్గాలి. మగ్గిందో లేదో మూత తీయకుండానే వాసనతో చెప్పగలిగే ఆడవాళ్లున్నారు. ఆ తర్వాత కుండను కదలకుండా పట్టుకుని కట్టెతో గెలకాలి. అడుగంటకూడదు, పిండి ఉండలు కట్టకూడదు. భుజం నొప్పి పుట్టేదాకా గెలికితేనే మెరుపు వస్తుంది. చెయ్యి తడుపుకుంటూ వేడి మీదే ముద్ద కట్టాలి. పది ముద్దలకు ఇంత శ్రమ.

ఆ ముద్ద వేడిగా ఉన్నప్పుడే సంగటి. చల్లారితే గట్టిపడుతుంది. మర్నాడు మజ్జిగలో పిసుక్కుని తాగడానికి బాగుంటుంది గానీ బల్ల మీద వడ్డించడానికి కాదు. బ్రాంచీల మీద బ్రాంచీలు తెరిచే వ్యాపారానికి ఇది పెద్ద అడ్డంకి. పిజ్జా కంపెనీ డామినోస్ మన దేశంలో తొలి కొట్టు 1996లో ఢిల్లీలో తెరిచింది. ఇవాళ దేశంలో దాని కొట్లు రెండు వేలు దాటాయంటే కారణం పిజ్జా పిండిముద్దే. ప్రాంతానికొక కేంద్రంలో పిండి కలిపి, ముద్దలు చేసి, చల్లటి లారీల్లో ప్రతి కొట్టుకూ పంపుతారు. కొట్టులో ఉన్న పిల్లవాడికి వంట రానవసరం లేదు, గడియారం చూడడం వస్తే చాలు. సంగటిని అలా పంపలేరు. ప్రతి బ్రాంచీలోనూ ఒక కుండ, ఒక కట్టె, గెలికే ఒక మనిషి ఉండాల్సిందే. అందుకే సంగటి హోటళ్లు ఎంత పెరిగినా పిజ్జా కొట్లలా వేలల్లోకి వెళ్లలేదు. ఇది మన బలహీనత అని కొందరు వ్యాపారస్తులు నాతో అన్నారు. నేను ఒప్పుకోను. మనిషి లేనిదే కుదరని వంట మనిషికి పని ఇస్తుంది.

మనిషి వెంట హోటలు నడిచిన గొప్ప ఉదాహరణ మనకు బాగా పరిచయమే: ఉడిపి హోటలు. ఉడిపి కృష్ణుడి గుడి చుట్టుపక్కల పల్లెల నుంచి, దక్షిణ కన్నడ జిల్లాలో 1923లో వచ్చిన పెద్ద వరదల తర్వాత మరీ ఎక్కువగా, కుర్రాళ్లు పొట్ట చేతపట్టుకుని మద్రాసు, బొంబాయి, బెంగళూరు వెళ్లారు. కె.కృష్ణారావు మద్రాసులో చిన్న హోటలుతో మొదలుపెట్టి 1938లో ఉడ్‌ల్యాండ్స్ తెరిచారు. బొంబాయి మాటుంగాలో రామా నాయక్ హోటలు 1942లో మొదలైంది. తెలుగు జిల్లాల్లో ఉడిపి బోర్డు లేని రైల్వే ఊరూ బస్టాండూ అరుదుగా ఉండేవి. ఈ విస్తరణకు కేంద్ర కార్యాలయం లేదు, ఒకే యజమాని లేడు, ఫ్రాంచైజీ ఒప్పందమూ లేదు. అంట్లు తోమడంతో చేరిన కుర్రాడు సరఫరాకు, అక్కణ్ణుంచి గల్లాపెట్టెకు ఎదిగి, ఇంకో ఊళ్లో సొంతంగా తెరుచుకునేవాడు. తెరిచిన ఊళ్లోనే కాపురం పెట్టేవాడు. పిల్లలు ఆ ఊరి బడిలో చదివేవాళ్లు. అందుకే ఊరి నాలుక అతనికి తెలిసేది.

ఉడిపి చరిత్రలో మనం దాచకూడని పుట కూడా ఉంది. శుచి పేరు మీద చాలా హోటళ్లల్లో బ్రాహ్మణులకు వేరే గది, మిగతావాళ్లకు వేరే గది. దళితులకు గుమ్మం దగ్గరే నిషేధం. 1957లో మద్రాసు ట్రిప్లికేన్‌లో మురళీ కేఫ్ బోర్డు మీద ‘బ్రాహ్మణ’ అన్న మాట తీసెయ్యాలని పెరియార్ అనుచరులు ఉద్యమం చేయాల్సివచ్చింది. ఓరుగల్లు పూటకూటింటి భోజనాన్ని వర్ణించిన క్రీడాభిరామం నాటి నుంచి గురజాడ పూటకూళ్లమ్మ దాకా డబ్బిచ్చి అన్నం తినే చోటు మన సమాజంలో ఎప్పుడూ ఉంది, ఆ డబ్బు అందరి చేతిలోనూ ఒకే విలువ పలకలేదు. కొత్త కాలపు హోటళ్లు ఈ ఒక్క విషయంలో పాతవాటి కంటే నిస్సందేహంగా మెరుగు. బిల్లు కట్టేవాణ్ణి కులం అడగడం లేదు.

బయటివాళ్ల వంట మన దగ్గరికొచ్చి మన వంటలో కలిసిపోయిన తీరు చూడాలంటే పొద్దున్నే కడపలో ఏ టిఫిన్ బండి దగ్గరైనా నిలబడితే చాలు. దోసె మన ఒక్కరిదే కాదు, దక్షిణాది అంతటిదీ. మైసూరు వాళ్లు మసాలా దోసె లోపల ఎర్ర చట్నీ పూస్తారు. మన దగ్గర ఎండుమిరపకాయలు, ఉల్లి, వెల్లుల్లి, ఉప్పు నూరిన ఎర్రకారం పెనం మీద ఉన్న దోసె అంతటా పూసి, పైన పప్పుల పొడి చల్లుతారు. ఎర్రకారం పచ్చిగానే పూస్తారు గనుక పెనం వేడికి ఉల్లి ఘాటు సగం చచ్చి తీపి తేలుతుంది. అప్పుడు నెయ్యి. ఆ క్షణం తప్పితే మాడుతుంది, ముందైతే పచ్చివాసన కొడుతుంది. నూరిన కారం మధ్యాహ్నానికి నీరు వదులుతుంది, అందుకని పొద్దున నూరింది పొద్దున్నే అయిపోవాలి. కర్నూలు వైపు వెళ్తే బొరుగులు నానబెట్టి తాలింపు వేసిన ఉగ్గాని, పక్కన మిరపకాయ బజ్జీ. అటు బళ్లారి, దావణగెరె జనం తినే మండక్కి కూడా దీని తోబుట్టువే. జిల్లా సరిహద్దులు, రాష్ట్ర సరిహద్దులు తిండికి అంతగా పట్టవు.

ఇక బయటికి వెళ్లిన మన వంట సంగతి. కడప నుంచి బెంగళూరు 260 కిలోమీటర్ల లోపే, హైదరాబాదు అంతకంటే చాలా దూరం. కడపవాళ్లకు చదువుకైనా కూలికైనా వైద్యానికైనా బెంగళూరే దగ్గర. బెంగళూరు రెసిడెన్సీ రోడ్డులో నాగార్జున 1984లో మొదలైంది. 1989లో నందిని వచ్చింది. అరిటాకు మీద ముద్దపప్పు, పొడి, నెయ్యి, గోంగూర, పక్కన ఘాటైన కోడి వేపుడు. కన్నడిగులకు ‘ఆంధ్రా స్టైల్’ అంటే ఏమిటో ఈ హోటళ్లే నేర్పాయి. అందులో కోస్తా ఎంత, సీమ ఎంత అని విడదీయడం ఆ రోజుల్లో ఎవరికీ అక్కరలేకపోయింది. సీమ పేరు విడిగా బోర్డు మీదికెక్కింది తర్వాతే. హైదరాబాదులో రాయలసీమ రుచులు, హైదరాబాదు, బెంగళూరుల్లో కృతుంగ లాంటి హోటళ్లు రాగి సంగటి, నాటుకోడి పులుసులను పట్నం మధ్యతరగతి ఆదివారం భోజనంగా మార్చాయి. ఆ పని చేసినవాళ్లకు మనం రుణపడి ఉన్నాం. మనం సిగ్గుపడ్డ ముద్దను వాళ్లు బల్ల మీద పెట్టారు.

ఒక మాట మాత్రం వాళ్లకు చెప్పుకోవాలి. సీమ వంటను పాలెగాళ్ల వంటగా, కత్తులూ మీసాలూ గోడలకు తగిలించి అమ్మడం నాకు నచ్చదు. 1800లో నిజాం ఈ జిల్లాలను ఈస్టిండియా కంపెనీకి ఇచ్చేశాక, 1807 దాకా ఇక్కడ ప్రిన్సిపల్ కలెక్టరుగా ఉన్న థామస్ మన్రో పాలెగాళ్ల బలగాలను లేకుండా చేశాడు. రెండు వందల ఏళ్ల పైమాట అది. సంగటిని ఈ రెండు వందల ఏళ్లూ బతికించింది కోటల్లోని వాళ్లు కాదు. మడక దున్నిన వాళ్లు, కలుపు తీసిన ఆడవాళ్లు, గొర్రెల వెంట కొండలెక్కిన కాపర్లు. గోడ మీద బొమ్మ పెట్టాలనుకుంటే వాళ్లది పెట్టండి.

బెంగళూరు నందిని పేరు మీద జరిగిన ఒక వ్యాజ్యం వాణిజ్యశాస్త్రం విద్యార్థులు తప్పక చదవాలి. కర్ణాటక పాల సమాఖ్య 1985 నుంచి నందిని పేరుతో పాలు అమ్ముతోంది. హోటలు కూడా అదే పేరును తన గుర్తుగా నమోదు చేసుకుంటామంటే సమాఖ్య అభ్యంతరం చెప్పింది. కేసు సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. 2018 జూలైలో తీర్పు హోటలుకు అనుకూలంగా వచ్చింది. రెండు గుర్తుల రూపం వేరు, పాలు వేరు, హోటలు వ్యాపారం వేరు అని కోర్టు చెప్పింది. పాలు, పాల పదార్థాలకు మాత్రం ఆ పేరు హోటలుకు చెందకుండా మినహాయించారు. ఒక పేరు కోసం అన్ని ఏళ్లు, అంత ఖర్చు. పేరుకు అంత విలువ ఉందని వ్యాపారానికి తెలుసు కాబట్టే పోరాడారు. రాయలసీమ అన్నది కూడా ఒక పేరే. దాన్ని ఎవరైనా బోర్డు మీద రాసుకోవచ్చు, ఎవరినీ అడగనక్కర్లేదు. ఆ పేరును సంపాదించిపెట్టిన నేలకు అందులోంచి ఏమి వస్తోంది?

లెక్క వేద్దాం. 2025-26కు కేంద్రం ప్రకటించిన రాగుల మద్దతు ధర క్వింటాలుకు 4,886 రూపాయలు. సాధారణ రకం వడ్లకు 2,369. అంటే కాగితం మీద రాగికి వరి కంటే రెట్టింపు ధర ఉంది. ఒక ముద్దలో నూకలు పోగా వంద గ్రాముల రాగిపిండి ఉందనుకుందాం. ఆ లెక్కన మద్దతు ధర నిజంగా చేతికి అందితే రైతుకు దక్కేది 5 రూపాయల లోపు. పట్నంలో అదే ముద్ద, నాటుకోడి పులుసుతో కలిసి, వందల రూపాయల్లో పలుకుతుంది. అద్దె, జీతాలు, గ్యాసు, పన్ను, కోడి ధర అన్నీ ఉంటాయి, హోటలాయన దోచుకుంటున్నాడని నేననడం లేదు. కానీ ఆ 5 రూపాయలు కూడా మన చేలకు వస్తున్నాయా? దేశంలో పండే రాగుల్లో సగానికి పైగా కర్ణాటకవి. బెంగళూరులో హోటలు పెట్టినవాడు తుమకూరు వైపు రాగులు వదిలి కడప రాగుల కోసం ఎందుకు లారీ పంపుతాడు? వ్యాపారంగా చూస్తే అతను చేసేది సబబే. అంతెందుకు, కర్నూలు వైపు మన మిరపరైతులే తమ కాయను కర్ణాటకలోని బ్యాడిగి మార్కెట్‌కు తోలుకుపోతున్నారు.

ఇదే మాట ఇంకో కోణంలోంచి చూడండి. మెక్‌డొనాల్డ్స్ 1996లో ఢిల్లీలో తొలి హోటలు తెరవడానికి కొన్నేళ్ల ముందు నుంచే ఇక్కడ సరఫరా ఏర్పాట్లు మొదలుపెట్టింది. ఫ్రెంచ్ ఫ్రైస్‌కు పొడవాటి, నీరు తక్కువున్న బంగాళాదుంప కావాలి, మన దుంప పనికిరాదు. వాళ్లకు దుంప ముక్కలు ఇచ్చే మెక్‌కెయిన్ కంపెనీ గుజరాత్ రైతులతో ముందస్తు ఒప్పందాలు చేసుకుని విదేశీ రకాలు వేయించింది, మెహసానాలో ఫ్యాక్టరీ పెట్టింది. ఎక్కడో అమెరికాలో పుట్టిన హోటలు తన వెంట తన పంటను తెచ్చుకుని మన నేలలో నాటుకుంది. అలాంటి ఒప్పందాల్లో రైతుకు వచ్చే చిక్కులు నాకు తెలుసు. నాణ్యత పేరుతో సరుకు తిప్పిపంపితే చిన్నరైతు ఎవరికి మొరపెట్టుకోవాలి? ఆ చిక్కులను సరిదిద్దుకోవాలి. అయినా అందులో ఉన్న దూరదృష్టి మాత్రం నేర్చుకోదగ్గది. పళ్లెంలో రుచి మారకూడదంటే చేలో విత్తనం మారకూడదని వాళ్లకు తెలుసు. 260 కిలోమీటర్లు వెళ్లిన మనవాళ్లు ఆ పని చేయలేదు.

విత్తనం మన దగ్గర లేదా? నంద్యాల పరిశోధన స్థానం సూర్యనంది, రేనాడు అనే కొర్ర రకాలు ఇచ్చింది. రేనాడు అంటే మనమే. తిరుపతి దగ్గర పెరుమాళ్లపల్లె స్థానం వకుళ అనే రాగి రకం ఇచ్చింది. 2023ను ఐక్యరాజ్య సమితి చిరుధాన్యాల సంవత్సరంగా జరిపింది. ఆ ఏడాది సభలు, స్టాళ్లు, ఫొటోలు చాలా చూశాం. విత్తనం సిద్ధంగా ఉంది, తినేవాళ్లూ సిద్ధంగా ఉన్నారు. మధ్యలో పిండిమర, గోదాము, లారీ, మాట మీద నిలబడే కొనుగోలుదారు లేరు. మెట్టరైతు వాన కోసం ఎదురుచూడగలడు గానీ ధర కోసం చూడలేడు. వేసింది అమ్ముడుపోదన్న భయమే చేతిలోకి మళ్లీ చెనక్కాయ విత్తనాన్నో పత్తి విత్తనాన్నో తెస్తోంది.

ఉల్లి సంగతి ఇంకా బాధ కలిగిస్తుంది. మైదుకూరు పరిసరాల్లో కృష్ణాపురం ఉల్లి పండుతుంది. చిన్న గడ్డ, గులాబీ రంగు, పొట్టు తీస్తుండగానే కళ్లు మండించే ఘాటు. మలేషియా, సింగపూర్, థాయ్‌లాండ్ వాళ్లు ఇష్టంగా కొంటారు. ఇక్కడ మాత్రం గడ్డ చిన్నదనీ ఘాటు ఎక్కువనీ దాదాపు ఎవరూ వాడరు. ఎగుమతి నిలిచిన ఏడాది రైతు గతి చెప్పనక్కర్లేదు, ఎందుకంటే ఇక్కడ కొనేవాడు లేడు. ఉల్లీ మిరపా నూరిన కారంతోనే పేరు తెచ్చుకున్న ఊరికి, ఆ కారానికి తగిన ఉల్లి దగ్గర్లోనే పండుతుంటే, ఆ రెండింటినీ కలిపి చూసే ప్రయత్నం జరగాలా వద్దా? టిఫిన్ సెంటర్ల వాళ్లు ఒక్క వారం ఆ గడ్డతో నూరి చూడండి. తీపి ఎంత తేలుతుందో, నీరు ఎంత వదులుతుందో మీ చేతికి నాకంటే బాగా తెలుస్తుంది.

పేరును కాపాడుకున్న ఉదాహరణలు మన పక్కనే ఉన్నాయి. హైదరాబాదు హలీంకు 2010లో, బందరు లడ్డుకు, బనగానపల్లె మామిడికి 2017లో, ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు వచ్చింది. హలీం తయారీదారులు ఒక సంఘంగా కూడి, ఏ మాంసం, ఎంతసేపు, ఏ మంట అన్నవి రాసి పెట్టుకున్నారు. సీమ సంగటికి గుర్తింపు అడగమని నేను చెప్పను. కర్ణాటకలో రాగిముద్ద ఉంది, తగవు తప్ప ఏమీ మిగలదు. కృష్ణాపురం ఉల్లి లాంటి పంటకు, అది పండే నేలకు అడగడం మేలు. వంట ఎక్కడైనా వండుకోనివ్వండి, పంట ఎక్కడిదో మెనూ కార్డు చెప్పాలి.

పిజ్జా కొట్లు, మండీ హోటళ్లు, బిర్యానీ బ్రాంచీలు కడప దాకా వచ్చాయి, ఇంకా వస్తాయి. రావద్దనడం లేదు. మన పిల్లలకు అక్కడ ఉద్యోగాలున్నాయి, కుటుంబంతో కూర్చుని తినడానికి ఆడవాళ్లకు శుభ్రమైన చోటు దొరికింది, అది చిన్న విషయం కాదు. వాళ్ల కూరగాయ, కోడి, నూనె, ఉల్లి ఎక్కణ్ణుంచి వస్తున్నాయో మాత్రం మనం అడుగుతూ ఉండాలి. బయటికి వెళ్లిన మనవాళ్లనూ, లోపలికి వచ్చిన బయటివాళ్లనూ అదే ప్రశ్న అడగాలి.

సభలో హోటళ్లు నడిపేవాళ్లు ఉన్నారు, రైతు ఉత్పత్తిదారుల సంఘాలవాళ్లు ఉన్నారు, ఇద్దరినీ కోరేది ఒకటే. ఖరీఫ్‌లో రాగి విత్తనం జూన్, జూలైల్లో పడుతుంది. ఏ మండలంలో, ఏ రకం, ఎన్ని క్వింటాళ్లు, ఏ ధరకు కొంటారో కాగితం మీద మే నెలాఖరుకల్లా రాసుకోండి. తొలి ఏడు ఒక్క హోటలు, ఒక్క గ్రామం చాలు. వాన తప్పితే నష్టం ఎవరు ఎంత మోయాలో కూడా అందులోనే రాయండి, ఆ ఒక్క వాక్యం లేకపోతే రైతు సంతకం పెట్టడు, పెట్టనూ కూడదు. ఆ కాగితం నమూనా తయారు చేయడానికి వాణిజ్యశాస్త్రం విద్యార్థులు ముందుకొస్తే నేను వాళ్లతో కూర్చుంటాను. పేర్లు ఇవ్వదలచుకున్నవాళ్లు సభ ముగిశాక వేదిక దగ్గరికి రండి.